పేగుల్లో ఫైర్‌వాల్

ఒక్క అక్షరం ఎక్కువ పడితే ప్రోగ్రాం ఎలా తల్లకిందులవుతుందో ఈ శీర్షిక చదివేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఫిక్స్‌డ్ లెంగ్త్ ఫైళ్ళు చదివే పాత కోబాల్ ప్రోగ్రాంలతో కుస్తీ పట్టినవాళ్ళకైతే మరీను. రికార్డు మధ్యలో ఒక అదనపు బైట్ దూరిందంటే అక్కడినుంచి ప్రతి ఫీల్డూ ఒక గడి పక్కకి జరుగుతుంది. జీతం ఉండాల్సిన చోట పిన్‌కోడ్ ముక్క వచ్చి కూర్చుంటుంది. కాసేపటికి ప్రోగ్రాం ఆగిపోతుంది.

సరిగ్గా ఇలాంటి బగ్ ఒకటి కొంతమంది మనుషుల జన్యువుల్లో ఉందని 2001 మే నెలలో 'నేచర్' పత్రికలో రెండు వ్యాసాలు వచ్చాయి. ఒకటి ఫ్రాన్సు బృందానిది, ఇంకొకటి అమెరికా బృందానిది. 16వ క్రోమోజోము మీద నాడ్-2 అనే జన్యువు ఉంది. జన్యువులోని సమాచారాన్ని కణం మూడేసి అక్షరాల చొప్పున చదువుకుంటూ, ఒక్కొక్క మూడింటికి ఒక అమినో ఆమ్లం చొప్పున గుచ్చి ప్రోటీన్ దండ తయారుచేస్తుంది. ఈ జన్యువులో 3020వ స్థానం దగ్గర 'సి' అనే అక్షరం ఒకటి అదనంగా పడితే, ఆ మూడేసి లెక్క తప్పి, వెంటనే "ఇక ఆపు" అనే సంకేతం వచ్చేస్తుంది. 1040 అమినో ఆమ్లాలుండాల్సిన ప్రోటీన్ 1007 దగ్గరే తెగిపోతుంది. పోయింది 33 మాత్రమే. కానీ ఆ తోక తెగిన ప్రోటీన్ ఉన్నవాళ్ళకి క్రోన్స్ అనే పేగుల జబ్బు వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే ఎక్కువ. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు కాపీలూ చెడినవే వస్తే ఆ అవకాశం ఇంకా చాలా రెట్లు ఎక్కువ.

బగ్ దొరికింది కదా, కథ ముగిసింది అనుకుంటాం. అసలు తిరకాసు అక్కడే మొదలైంది. అది చెప్పుకునేముందు జబ్బు సంగతి కాస్త చూద్దాం.

ఏమిటీ జబ్బు?

ఇన్‌ఫ్లమేటరీ బవెల్ డిసీజ్, పొట్టిగా ఐబీడీ, ఒక జబ్బు కాదు, ముఖ్యంగా రెండు. మొదటిది అల్సరేటివ్ కొలైటిస్. ఇది పెద్దపేగుకే పరిమితం. సాధారణంగా మలద్వారం దగ్గర మొదలై, మధ్యలో ఖాళీ వదలకుండా పైకి పాకుతుంది. పేగు లోపలి పొర వాచి పుండ్లు పడుతుంది. రెండోది క్రోన్స్. ఇది నోటినుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు గానీ చిన్నపేగు చివరి భాగమంటే దీనికి మహా ఇష్టం. అక్కడక్కడ మచ్చలుగా వస్తుంది, పేగు గోడ మందమంతా తినేస్తుంది. 1932లో న్యూయార్కులోని మౌంట్ సినాయ్ ఆసుపత్రి వైద్యులు క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ ముగ్గురూ కలిసి దీన్ని వర్ణించారు. పేర్లు ఇంగ్లీషు అక్షరక్రమంలో వెయ్యడంతో జబ్బుకి మొదటివాడి పేరు అంటుకుంది. సార్ట్ ఆర్డర్ వల్ల దక్కిన కీర్తి అన్నమాట, అది కీర్తే అయితే!

ఐబీఎస్ అని ఇంకొకటుంది. పరీక్ష ముందో ప్రొడక్షన్ రిలీజ్ ముందో కడుపు కలవరపెట్టే రకం. పేరులో ఒక్క అక్షరమే తేడా కాబట్టి రెండూ ఒకటే అనుకునేవాళ్ళు చాలామంది. ఐబీఎస్‌లో బాధ నిజమే కానీ పేగుకి గాయం ఉండదు. ఐబీడీలో పేగు నిజంగా దెబ్బతింటుంది. రక్తం పోతుంది, బరువు తగ్గుతుంది, ఏళ్ళ తరబడి సాగితే పేగు సన్నబడి మూసుకుపోవచ్చు, కేన్సర్ ప్రమాదం కూడా పెరుగుతుంది. పైగా ఎక్కువగా బయటపడేది పదిహేను, ముప్ఫై అయిదేళ్ళ మధ్య. అంటే చదువులు, వీసాలు, పెళ్ళిళ్ళు, మొదటి ఉద్యోగాలు నడిచే వయసు.

సరిహద్దు

మన ఒంట్లో బయటి ప్రపంచంతో చర్మం కంటే చాలా పెద్ద సరిహద్దు పేగు. అది పరిస్తే టెన్నిస్ కోర్టంత అవుతుందని పుస్తకాల్లో చదువుకున్నాం. 2014లో స్వీడన్ పరిశోధకులు శ్రద్ధగా కొలిచి, జీర్ణనాళమంతా కలిపినా సుమారు 32 చదరపు మీటర్లే అని తేల్చారు. సగం బాడ్మింటన్ కోర్టు. అలాగే "మన కణాలకి పదిరెట్లు బాక్టీరియా" అన్న మాట కూడా. 2016లో లెక్క సరిచూస్తే సుమారు 30 లక్షల కోట్ల మానవ కణాలకి 38 లక్షల కోట్ల బాక్టీరియా అని వచ్చింది. ఇంచుమించు సమఉజ్జీలే. వాటిలో అత్యధిక భాగం పెద్దపేగులోనే ఉంటాయి.

ఇంత జనాభాకీ మన రక్తానికీ మధ్య ఉన్న గోడ మందం ఎంతనుకున్నారు? ఒకే ఒక్క కణం. ఆ కణాలు కూడా నాలుగైదు రోజులకోసారి రాలిపోయి కొత్తవి వస్తుంటాయి. ఇంత పలుచటి గోడ నిలబడిందంటే కారణం దాని ముందు కాపలా కాసే ప్రోటీన్లు.

అన్నిటికన్నా ముందుది జిగురు. మక్-2 అనే ప్రోటీన్ దీనికి పోగు. ఐదువేలకు పైగా అమినో ఆమ్లాలున్న భారీ దండ ఇది, దాని నిండా చక్కెర గొలుసులు వేలాడుతుంటాయి. నీరు పీల్చుకుని ఉబ్బి పొరగా పరుచుకుంటుంది. పెద్దపేగులో ఇది రెండు పొరలుగా ఉంటుందని 2008లో గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో గునార్ హాన్సన్ బృందం ఎలుకల్లో చూపించింది. బయటి పొర వదులుగా ఉంటుంది, అందులో బాక్టీరియా కాపురాలు చేస్తాయి. లోపలి పొర గట్టిగా గోడకి అంటుకుని ఉంటుంది, అందులో బాక్టీరియా దాదాపు ఉండవు. నెట్‌వర్కులో డీఎమ్‌జెడ్ అంటామే, బయటి పొర అదన్నమాట. మక్-2 తయారుచెయ్యలేని ఎలుకల్లో బాక్టీరియా నేరుగా గోడని తాకుతాయి. వాటికి కొలైటిస్ వస్తుంది.

చిన్నపేగులో పోషకాలు పీల్చుకోవాలి కాబట్టి అంత గట్టి జిగురు కుదరదు. అక్కడ వేరే ఏర్పాటు. పేగు మడతల అడుగున పానెత్ కణాలని ఉంటాయి, అవి డిఫెన్సిన్లనే చిన్న చిన్న ప్రోటీన్లని చిమ్ముతాయి. ఇవి బాక్టీరియా పొరకి చిల్లులు పెట్టి చంపేస్తాయి. రెగ్-3 గామా అని ఇంకొక ప్రోటీన్ ఉంది. ఎలుకల్లో అది పేగు గోడకీ బాక్టీరియాకీ మధ్య సుమారు 50 మైక్రాన్ల ఖాళీ ఉండేలా చూస్తుందని 2011లో టెక్సస్‌లోని లోరా హూపర్ బృందం కనుక్కుంది. ఆ ప్రోటీన్ తీసేస్తే ఖాళీ మాయం. మన జుట్టు మందమంత కూడా ఉండని ఆ ఖాళీ మీద ఇంత కథ నడుస్తోంది!

తలారి నిద్రపోతే

ఇప్పుడు నాడ్-2 దగ్గరికి వద్దాం. ఇది కణం లోపల కూర్చునే సెన్సర్. బాక్టీరియా గోడ విరిగినప్పుడు మురామిల్ డైపెప్టైడ్ అనే ముక్క బయటపడుతుంది. దాని ఉనికిని నాడ్-2 పసిగట్టి గంట కొడుతుంది. తోక తెగిన నాడ్-2 ఈ ముక్కని సరిగ్గా గుర్తించలేదు. ఇంట్రూజన్ డిటెక్షన్ వ్యవస్థలో ఒక సిగ్నేచర్ చెరిపేసినట్టు.

మరి గంట మోగకపోతే గొడవ తగ్గాలి కదా? ఐబీడీ అంటేనే రోగనిరోధక వ్యవస్థ అతిగా రెచ్చిపోవడం. హెచ్చరిక ఇచ్చే ప్రోటీన్ మూగబోతే వాపు తగ్గాలిగానీ పెరగడమేమిటి? ఇదే నేను చెప్పిన తిరకాసు. అప్పటివరకూ చాలామంది "సెన్సర్ మరీ సున్నితమై అస్తమానం ఫాల్స్ అలారంలు కొడుతూ ఉంటుంది" అనే దారిలో ఆలోచించారు. దొరికిన బగ్ దానికి పూర్తిగా ఎదురు.

దీనికి ఎక్కువమంది చెప్పే వివరణ ఇలా ఉంటుంది. ఊళ్ళో తలారి మెలకువగా ఉంటే చిల్లర దొంగని అక్కడికక్కడే నాలుగు తగిలించి పంపేస్తాడు. వాడు నిద్రపోతే దొంగలు ఇళ్ళలో జొరబడేదాకా ఎవరికీ తెలియదు. తెలిశాక జిల్లా కేంద్రం నుంచి రిజర్వు పోలీసులు లారీల్లో దిగి ఊరంతా లాఠీచార్జి చేస్తారు. పేగులో జరిగేదీ అదే. నాడ్-2 పనిచేస్తే పానెత్ కణాలు సమయానికి డిఫెన్సిన్లు చిమ్ముతాయి, కణంలోకి చొరబడ్డ బాక్టీరియాని కణమే చుట్టచుట్టి అరిగించేసుకుంటుంది. ఈ చిన్న స్పందన లేకపోయేసరికి బాక్టీరియా లోలోపలికి వెళ్తాయి, తర్వాత వచ్చే పెద్ద స్పందనకి పేగే బలవుతుంది. పానెత్ కణాలు ఎక్కువగా ఉండేది చిన్నపేగు చివర్న, క్రోన్స్ ఎక్కువగా వచ్చేదీ అక్కడే. డిఫెన్సిన్లు తగ్గడం జబ్బుకి కారణమా, లేక వాపు వల్ల వచ్చిన ఫలితమా అన్నదాని మీద మాత్రం పరిశోధకులు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. నాడ్-2 అసలు ఉద్యోగం గంట కొట్టడం కాదు, ఇతర సెన్సర్ల గొంతు తగ్గించడం అని ఇంకో వర్గం అంటుంది. తలారి కథే నాకు ఎక్కువ నచ్చుతుంది. 2007లో దొరికిన ఏటీజీ-16ఎల్-1 అనే ఇంకో జన్యువు కూడా చొరబడ్డవాటిని అరిగించే యంత్రాంగానికి చెందినదే కావడం దీనికి బలమైన సాక్ష్యం.

2012 నాటికి 75 వేలమందికి పైగా జనం జన్యువులు పోల్చి ఐబీడీకి సంబంధించిన చోట్లు 163 గుర్తించారు. ఇన్ని దొరికినా జన్యువులే అంతా కాదు. ఒకే జన్యువులున్న కవలల్లో ఒకరికి క్రోన్స్ వస్తే, సగానికి పైగా జంటల్లో రెండోవారికి రాదు. సోర్స్ కోడ్ ఒకటే, ఒక సర్వర్ కూలింది, ఇంకొకటి నడుస్తోంది. తేడా ఎక్కడుందంటే ఇన్‌పుట్‌లో.

బాక్టీరియా లేకపోతే?

ఐఎల్-10 అనే ప్రోటీన్ రోగనిరోధక కణాలని శాంతింపజేస్తుంది. 1993లో ఇది లేని ఎలుకలని తయారుచేస్తే వాటికి పేగు వాపు వచ్చింది. అవే ఎలుకలని ఒక్క సూక్ష్మజీవి కూడా లేని గాజు గదుల్లో పెంచితే రాలేదు! జన్యులోపం అలాగే ఉంది, జబ్బు మాత్రం లేదు. ఇది ఎలుకల ముచ్చటేలే అనుకోకండి. 2009లో, పుట్టిన కొద్ది నెలలకే తీవ్రమైన పేగు జబ్బు వచ్చిన పసిపిల్లల్లో ఐఎల్-10ని అందుకునే రిసెప్టర్ చెడిపోయి ఉందని తేలింది. ఎముక మజ్జ మార్పిడితో అలాంటి బిడ్డకి నయమైంది.

మనుషుల్లో ఇంతకంటే సూటి రుజువు బెల్జియంలోని లూవెన్ నుంచి వచ్చింది. క్రోన్స్ ఉన్నవాళ్ళకి చిన్నపేగు చివరి భాగం కోసేసి మిగతాది కలిపితే, కలిపిన చోటే జబ్బు తిరగబెట్టడం మామూలు. 1991లో రుట్‌గీర్ట్స్ బృందం కొందరికి పేగు కలిపాక కూడా లోపలి పదార్థం అటు వెళ్ళకుండా పైనుంచే సంచీలోకి మళ్ళించింది. ఆరు నెలలు చూస్తే కలిపిన చోట పుండ్లు లేవు. దారి మళ్ళీ తెరిచాక పుండ్లు తిరిగొచ్చాయి. 1998లో అదే ఊళ్ళో, అలా మూసి ఉంచిన పేగులోకి రోగి పేగు ద్రవాన్నే ఎక్కిస్తే ఎనిమిది రోజుల్లో వాపు మొదలైంది. ట్రాఫిక్ ఆపితే ఎర్రర్ ఆగింది, వదిలితే వచ్చింది. ఇంతకన్నా శుభ్రమైన టెస్ట్ కేసు మన వృత్తిలో కూడా అరుదు.

సరే, దోషి ఏ బాక్టీరియా? కడుపులో అల్సర్లకి హెలికోబాక్టర్ దొరికినట్టు దీనికీ ఒకటి దొరుకుతుందని చాలా వెతికారు. దొరకలేదు. దొరికింది ఒక జాబితా. ఫ్రాన్సులోని క్లెర్మాంట్ ఫెరాండ్‌లో అర్లెట్ దార్ఫెయ్-మిషో బృందం పేగు గోడకి అతుక్కుని లోపలికి జొరబడే ఒక రకం ఈ-కోలైని పట్టుకుంది. అది పట్టుకు వేలాడే కొక్కెం సీకామ్-6 అనే మన ప్రోటీనే. వాపు వచ్చినప్పుడు గోడ మీద ఈ కొక్కేలు ఇంకా పెరుగుతాయి. చూడండి, బాక్టీరియా వల్ల వాపు, వాపు వల్ల కొక్కేలు, కొక్కేల వల్ల మరిన్ని బాక్టీరియా. బయటపడే దారిలేని లూప్.

ఉండాల్సినవాళ్ళు లేకపోవడం రెండో సంగతి. ఫీకాలిబాక్టీరియం ప్రాస్నిట్జీ అని నోరు తిరగని పేరున్న బాక్టీరియా ఆరోగ్యవంతుల పేగుల్లో సమృద్ధిగా ఉంటుంది. ఇది పీచు పదార్థాన్ని పులియబెట్టి బ్యుటిరేట్ ఇస్తుంది. పెద్దపేగు కణాలకి అదే ముఖ్యమైన ఇంధనం. ఆపరేషన్ చేయించుకున్న క్రోన్స్ రోగుల్లో ఇది తక్కువగా ఉన్నవాళ్ళకి జబ్బు ఎక్కువగా తిరగబెట్టిందని 2008లో తెలిసింది. 2016లో ఈ బాక్టీరియా తయారుచేసే 15 కిలోడాల్టన్ల ప్రోటీన్ ఒకటి వాపుని తగ్గిస్తుందని కూడా చూపించారు. కాపలా ప్రోటీన్లు మనవే కానక్కర్లేదు, అద్దెకున్నవాళ్ళు కూడా కొన్ని సరఫరా చేస్తారు.

విమానం ఎక్కాక మారేది

ఇక్కడిదాకా చదివి "ఇది తెల్లవాళ్ళ జబ్బు కదా, మనకెందుకు" అనుకునేవాళ్ళుంటారు. ఒకప్పుడు డాక్టర్లూ అలాగే అనుకున్నారు. పైన చెప్పిన నాడ్-2 బగ్ భారతీయుల్లో చాలా అరుదు కూడా. అయినా 1990లలో ఇంగ్లండులోని లెస్టర్‌లో చూస్తే, అక్కడ స్థిరపడ్డ భారతీయుల్లో అల్సరేటివ్ కొలైటిస్ స్థానికుల కంటే ఎక్కువ. 2007లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో దక్షిణాసియా కుటుంబాల పిల్లల్లో ఐబీడీ మిగతా పిల్లల కంటే దాదాపు మూడు రెట్లు కనబడింది. 2015లో ఒంటారియో లెక్కలు చూస్తే, వలస వచ్చిన పెద్దవాళ్ళలో తక్కువే గానీ, ఎంత చిన్న వయసులో వస్తే ప్రమాదం అంత ఎక్కువ; దక్షిణాసియావాళ్ళకి అక్కడే పుట్టిన పిల్లలు కెనడియన్ పిల్లలతో సమానం.

జన్యువులు విమానంలో మారవు. బాక్టీరియా మారతాయి. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో డాన్ నైట్స్ బృందం 2018లో ఆగ్నేయాసియా నుంచి అమెరికా వచ్చిన మాంగ్, కారెన్ జాతులవారిని పరిశీలించింది. వచ్చిన కొద్ది నెలల్లోనే పేగు బాక్టీరియాలో వైవిధ్యం తగ్గడం మొదలైంది. పీచు తినే ప్రివొటెల్లా పోయి బాక్టీరాయిడ్స్ పెరిగాయి. ఉన్నకొద్దీ, తరం మారేకొద్దీ ఈ మార్పు ఇంకా ఎక్కువ. తిండి మార్పు ఒక్కటే దీన్నంతా వివరించలేదు.

తిండి పాత్ర మాత్రం తక్కువేమీ కాదు. 2016లో లక్సెంబర్గ్, మిషిగన్ పరిశోధకులు కలిసి, ఎలుకలకి పీచు లేని మేత పెట్టి చూశారు. ఆకలేసిన బాక్టీరియా ఏం తిన్నాయంటారా? మక్-2 జిగురుని, దాని చక్కెర గొలుసులతో సహా. పొర పలచబడింది. దానికి ముందు ఏడాది, ఐస్‌క్రీములూ సాస్‌లూ విడిపోకుండా కలిపే పాలీసోర్బేట్-80, కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ కూడా ఎలుకల్లో బాక్టీరియాని గోడ దగ్గరికి చేరుస్తాయని అట్లాంటాలో చూపించారు. ఎలుకకి పెట్టింది మనిషికి అదే లెక్కలో వర్తించదు, నిజమే. అయినా లేబుల్ వెనక చిన్న అక్షరాలు చదవడంలో తప్పులేదు.

ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఇది దూరమా అంటే అదీ కాదు. హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు తెలంగాణలో కడుపు బాధలతో వచ్చిన 30 వేలమందికి పైగా జనాన్ని పరీక్షించి 2023లో ఫలితాలు ప్రచురించారు. పల్లెల్లోనూ పట్నాల్లోనూ ఐబీడీ పాళ్ళు ఇంచుమించు ఒకటే.

మందు సంగతి

1998 ఆగస్టులో ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందుని క్రోన్స్‌కి అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించింది. ఇది టీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్‌ని పట్టుకుని పనిచెయ్యనివ్వని యాంటీబాడీ. వాపు కబురు ఊరంతా మోసేది టీఎన్‌ఎఫ్. దాని నోరు కట్టేస్తే చాలామందికి గొప్ప ఉపశమనం. కొందరికి మొదటినుంచీ పనిచెయ్యదు, కొందరికి కొన్నాళ్ళు పనిచేసి ఆగిపోతుంది. తర్వాత 2014లో వచ్చిన వెడోలిజుమాబ్ రోగనిరోధక కణాలని పేగులోకి దిగకుండా గేటు దగ్గరే ఆపుతుంది. ఇవన్నీ ఖరీదైనవి. ప్రాజెక్టు మారిందంటే ఇన్సూరెన్సు మారుతుంది, కొత్త కంపెనీ ప్రయర్ ఆథరైజేషన్ మళ్ళీ మొదటినుంచి అడుగుతుంది. ఈ మందుల మీద ఉన్న కాంట్రాక్టర్లు ఉద్యోగం మారే ముందు తర్వాతి డోసు ఎప్పుడో చూసుకోవాలి.

బాక్టీరియా వైపు నుంచి నరుక్కొచ్చే ప్రయత్నాలూ ఉన్నాయి. 2015లో ఒంటారియోలోని మెక్‌మాస్టర్‌లో ఆరోగ్యవంతుల మలాన్ని అల్సరేటివ్ కొలైటిస్ రోగుల పేగుల్లోకి ఎక్కించారు. (ముక్కు మూసుకోకండి, శాస్త్రమే!) 38 మందిలో 9 మందికి జబ్బు సద్దుమణిగింది, ఉత్తి నీళ్ళు ఎక్కించిన 37 మందిలో ఇద్దరికి. ఆ తొమ్మిది మందిలో ఏడుగురికి మలం ఇచ్చింది ఒక్కడే దాత. అతని పేగుల్లో ఉన్నదేమిటో సీసాలో పట్టగలిగితే మందే. 2022లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు ఈ పద్ధతికి వాపు తగ్గించే ఆహారాన్ని జోడించి మంచి ఫలితాలు చూపించారు. మన పెరుగన్నం తింటే సరిపోదా అని అడిగేవాళ్ళకి: పెరుగు మంచిదే, కానీ అందులోని బాక్టీరియా పైన చెప్పిన జాబితాలోవి కావు.

మలంలో రక్తం కనబడితే మొలలే అని తేల్చేసి ఇండియా ట్రిప్పు దాకా వాయిదా వెయ్యడం మనలో చాలామంది చేసే పని. రాత్రి నిద్రలో లేపే విరేచనాలు, కారణం లేకుండా బరువు తగ్గడం, పిల్లలైతే ఎత్తు పెరగకపోవడం, ఇవీ డాక్టరుకి చెప్పాల్సినవే. కాల్‌ప్రొటెక్టిన్ అని మలపరీక్ష ఒకటుంది. తెల్ల రక్తకణాల్లో పుష్కలంగా ఉండే ఈ ప్రోటీన్ బాక్టీరియాకి జింకు, మాంగనీసు దక్కనివ్వకుండా ఎండగడుతుంది. మలంలో ఇది తక్కువుంటే బాధ ఐబీఎస్ అయ్యే అవకాశం ఎక్కువ. బాగా పెరిగితే కొలనోస్కోపీ చేస్తారు.

ఇండియాలో పెరిగినవాళ్ళు డాక్టరు అడక్కపోయినా చెప్పాల్సింది ఇంకొకటుంది, క్షయ. పేగు క్షయ అచ్చం క్రోన్స్‌లాగే, అదే చిన్నపేగు చివర్న కనబడుతుంది. మన దేశంలో క్రోన్స్ ఉన్నవాళ్ళకి ముందు నెలల తరబడి క్షయ మందులు వాడించడం కొత్త కాదు. ఇక్కడ దానికి తిరగేసి జరగవచ్చు. టీఎన్‌ఎఫ్ ఒంట్లో నిద్రపోతున్న క్షయ బాక్టీరియాని గోడకట్టి ఉంచే ప్రోటీన్ కూడా. దాన్ని ఆపేసే మందులతో క్షయ లేచిన కేసులు 2001లోనే డజన్ల కొద్దీ నమోదయ్యాయి. అందుకే ఈ మందులకి ముందు క్షయ పరీక్ష తప్పనిసరి. చిన్నప్పుడు వేసిన బీసీజీ టీకా వల్ల చర్మపరీక్ష తప్పుగా పాజిటివ్ చూపించవచ్చు. రక్తంతో చేసే ఇంటర్‌ఫెరాన్ గామా పరీక్షకి ఆ చిక్కు లేదు. చేతి మీద టీకా మచ్చ ఉందనీ, ఇంట్లో తాతగారికో మేనమామకో ఎప్పుడైనా టీబీ వచ్చిందనీ మొదటి అపాయింట్‌మెంటులోనే చెప్పి, ఆ రక్తపరీక్ష రాయమని అడగండి.